ఇంట్లో చిన్నా పెద్దా కలిసి ఆడడానికి, కాస్త ఆలోచన కూడా ఉండే పాచికల ఆట ఏది?

మీరు అడిగింది ఇది. ఇంట్లో మీరిద్దరు, ఎనిమిదేళ్ళ బాబు, డెబ్బై దాటిన అత్తగారు. లూడో తీస్తే ఆరు పడక ఎవరో ఒకరు చాలాసేపు ఊరికే కూర్చోవలసి వస్తోంది. వైకుంఠపాళి బాబుకి విసుగొచ్చేసింది. చదరంగం అంటే అత్తగారు రారు. పాచిక వేసే సరదా పోకూడదు, అలాగని అంతా అదృష్టమే కాకూడదు, శని ఆదివారాల్లో స్నేహితులు వచ్చినా ఆడగలగాలి.

నా సమాధానం: అష్టా చెమ్మా ఆడండి. అయిదు వరుసలు, అయిదు నిలువులు, నాలుగు గవ్వలు. మీ అత్తగారికి ఆట వచ్చే ఉంటుంది, కాబట్టి బాబుకి నేర్పే పని ఆవిడకే అప్పగించండి. స్నేహితుల కోసం ఇంకో ఆట కూడా చెబుతాను, అది చివర్లో.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎండాకాలం సెలవుల్లో పిల్లలతోనూ, మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ళతోనూ ఇలాంటి ఆటలు ఆడించడం ఏళ్ళుగా అలవాటు. అందుకే ఈ సమాధానంలో లెక్కలు కాస్త ఎక్కువే ఉంటాయి. అవి లేకుండా ఈ ఆటలో ఎత్తు ఎక్కడుందో చెప్పలేను.

ముందు మీ లూడో ఇబ్బంది సంగతి. పాచికల ఆటలో ఆలోచన ఉందో లేదో తెలుసుకోవాలంటే ఒక్కటే చూడాలి: పాచిక పడ్డాక మీ ముందు ఎన్ని దారులు ఉన్నాయి? వైకుంఠపాళిలో ఒకటే దారి. పడినంత జరపడమే, పాము మింగితే దిగడమే. లూడోలో నాలుగు కాయలు బయటికొచ్చాక దారులు ఉంటాయి, కాని అక్కడిదాకా రావడానికే ఆరు పడాలి. మొదటి నాలుగు వంతుల్లో ఒక్క ఆరైనా పడకపోయే అవకాశం 48 శాతం. అంటే దాదాపు ప్రతి రెండు ఆటల్లో ఒకసారి మీ బాబు నాలుగు వంతులూ చూస్తూ కూర్చుంటాడు. ఎనిమిదేళ్ళవాడికి అది చాలా పెద్ద శిక్ష. ఒక కాయ బయటికొచ్చినా, రెండోది వచ్చేదాకా జరపాల్సింది దాన్నే కాబట్టి అప్పుడు కూడా ఆలోచించడానికి ఏమీ ఉండదు.

అష్టా చెమ్మాలో, కింద నేను చెప్పే పద్ధతిలో ఆడితే, మొదటి వంతు నుంచే ఏ కాయ జరపాలన్నది మీ ఇష్టం. పటం చిన్నది కాబట్టి అవతలివాళ్ళ కాయలు ఎప్పుడూ మీ పక్కనే ఉంటాయి. ఆలోచన అక్కడి నుంచే వస్తుంది.

పటం, కదలిక

నేల మీద సుద్దముక్కతో 25 గళ్ళు గీయండి. నాలుగు వైపులా నడిమి గడిలో అడ్డగీతలు కొట్టండి. అవి నలుగురి ఇళ్ళు. మధ్య గడిలోనూ కొట్టండి, అది పండే చోటు. ఇళ్ళలో ఎవరి కాయ ఉన్నా ఎవరూ చంపలేరు, అంటే అదే గడిలోకి వచ్చి దాన్ని మొదటికి పంపలేరు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురి కాయలు కలిసి ఉండొచ్చు.

ఒక్కొక్కరికి నాలుగు కాయలు. రంగు రాళ్ళు, గాజు ముక్కలు, చొక్కా గుండీలు, ఏవైనా సరే. ఒక్క జాగ్రత్త: గురివింద గింజలు మాత్రం వద్దు. చూడడానికి ముచ్చటగా ఉంటాయి కాని కొరికితే లోపల ఉన్నది విషం. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో వాటిని పెట్టకండి.

కాయ మీ ఇంటి నుంచి బయలుదేరి కుడిచేతి వైపుగా బయటి వరుస చుట్టూ తిరుగుతుంది. అంటే గడియారం ముల్లుకి ఎదురు దిశలో. మీ ఇంటికి ఎడమపక్క గడి దాకా వచ్చాక లోపలి వరుసలోకి ఎక్కుతుంది. అక్కడ దిశ మారుతుంది, గడియారం ముల్లు తిరిగినట్టు తిరిగి మధ్య గడిలో పండుతుంది. బయట 15 అడుగులు, లోపల 8, పండడానికి ఒకటి, మొత్తం 24. మీ నాలుగు కాయలు పండాలంటే 96 అడుగులు.

గవ్వల లెక్క మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. ఒక గవ్వ వెల్లకిలా పడితే ఒకటి, రెండైతే రెండు, మూడైతే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు అడుగులు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది అడుగులు. అష్టా, చెమ్మా పడినా, అవతలివాళ్ళ కాయని చంపినా ఇంకోసారి వేసుకోవచ్చు.

ఈ ఆటకి ప్రాణం పోసే నియమం ఒకటుంది. కనీసం ఒక కాయనైనా చంపనివాళ్ళు లోపలి వరుసలోకి వెళ్ళకూడదు. చంపేదాకా బయటే తిరుగుతూ ఉండాలి. కొన్ని ఇళ్ళలో పిల్లలు ఏడుస్తారని దీన్ని తీసేస్తారు. దయచేసి తీసేయకండి. ఇది లేకపోతే అందరూ ఇంటి నుంచి ఇంటికి జాగ్రత్తగా పాకుతూ పోతారు, చివరికి గవ్వలు ఎవరికి బాగా పడితే వాళ్ళే గెలుస్తారు. ఇది ఉంటే మాత్రం ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు తెగించి ఇల్లు వదలాలి. ఎప్పుడు తెగించాలన్నదే ఆట.

గవ్వలు ఏం చెబుతాయి

నాలుగు గవ్వలు పడే తీరులు 16. ఒకటి పడే తీరులు 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి. బాబు చేత ఈ 16 తీరులూ కాగితం మీద రాయించండి. నా క్లాసులో సంభావ్యత పాఠం ఎప్పుడూ ఇక్కడే మొదలవుతుంది, పుస్తకంలో నాణెం కంటే గవ్వలు పిల్లలకి త్వరగా ఎక్కుతాయి.

దీన్నిబట్టి తెలిసేది: రెండు పడే అవకాశం అన్నిటికంటే ఎక్కువ, 37.5 శాతం. ఒకటికి, మూడుకి 25 శాతం చొప్పున. నాలుగుకి, ఎనిమిదికి ఆరు శాతం పైచిలుకు మాత్రమే. సగటున ఒక్కో వేతకి, అంటే గవ్వలు ఒకసారి వేస్తే, రెండున్నర అడుగులు.

ఇదంతా గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడితేనే. నిజం గవ్వలు అలా పడవు. ఒక్కో గవ్వని ఓ యాభై సార్లు వేసి వెల్లకిలా ఎన్నిసార్లు పడిందో లెక్క రాయించండి. తేడా ఎంత పని చేస్తుందో చూడండి: వెల్లకిలా పడేది సగానికి బదులు నూటికి నలభై సార్లే అనుకుందాం. అంత చిన్న తేడాకే అష్టా పడే అవకాశం ఆరు శాతం నుంచి 13 శాతానికి పెరుగుతుంది, చెమ్మా రెండున్నర శాతానికి పడిపోతుంది. అందుకే ఒకే సైజు గవ్వలు ఎంచుకోవాలి. అందరూ అవే గవ్వలతో ఆడతారు కాబట్టి అన్యాయం ఏమీ ఉండదు, కాని మీ గవ్వల తీరు మీకు తెలిసి ఉంటే ఎత్తు వేయడం తేలిక.

గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు నాలుగు తీసుకుని ఒక పక్క తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీయండి. మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది, వాళ్ళింట్లో పిస్తా డొప్పలతో ఆడతారు. అవి కూడా బాగానే పనికొస్తాయి, కాకపోతే ముందు పైన చెప్పినట్టు వేసి చూసుకోవాలి. మామూలు ఆరు ముఖాల పాచికతో మాత్రం ఈ ఆట ఆడకండి. అందులో ఒకటి నుంచి ఆరు దాకా అన్నీ సమానంగా పడతాయి, కింద చెప్పబోయే దూరాల లెక్క పనిచేయదు.

అసలు ఎత్తు ఎక్కడుంది

మొదటిది దూరం. శత్రువు కాయ మీ వెనకాల రెండు గళ్ళ దూరంలో ఉంటే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే పడే అవకాశం ఎక్కువున్నది రెండే. ఒక గడి, మూడు గళ్ళ దూరం కొంచెం నయం. నాలుగు గళ్ళు దాటితే దాదాపు నిశ్చింత. అయిదు గళ్ళ దూరంలో ఉన్న మీ కాయని కొట్టాలంటే అవతలివాళ్ళకి చెమ్మా పడి, వెంటనే ఒకటి పడాలి. అది నూటికి రెండు సార్లు కూడా జరగదు. ఎనిమిది దగ్గర మాత్రం అష్టా ఉంటుంది, అది గుర్తుంచుకోవాలి. పిల్లలకి నేను చెప్పే మాట ఒకటే: శత్రువుని దాటుతున్నప్పుడు అతని ముక్కు ముందు ఆగకు, దాటితే దూరంగా దాటు, లేదా వెనకే ఉండు.

వెనకే ఉండడం కూడా ఒక ఎత్తే. వెనక ఉన్నవాడు వేటాడతాడు, ముందున్నవాడు పరిగెడతాడు. ఇంకా ఎవరినీ చంపనివాళ్ళు పరిగెత్తి లాభం లేదు, లోపలికి దారి లేదు కదా. అందుకని మొదట్లో ఒకటి రెండు కాయలు మీ ఇంట్లోనే ఉంచుకోండి. మీ ఇంటి తర్వాతి మూడు గళ్ళు అవతలివాళ్ళందరూ దాటాల్సినవే. మీ ఇంట్లో కూర్చున్న కాయని ఎవరూ చంపలేరు, దాని ముందు ఆగినవాళ్ళని మాత్రం అది చంపగలదు. నాలుగు కాయలనీ ఒకేసారి బయటికి తోలేసేవాళ్ళు ఈ కాపలాని పోగొట్టుకుంటారు. పెద్దవాళ్ళు కూడా ఎక్కువగా చేసే పని ఇదే.

రెండోది ఇళ్ళ మధ్య దూరం. బయటి వరుసలో ప్రతి నాలుగో గడీ ఒక ఇల్లు. కాబట్టి రెండు, రెండు పడినా, ఒకటి, మూడు పడినా ఇంటి నుంచి ఇంటికి చేరతారు. ఇల్లు దాటి రెండో గడిలో ఆగిన కాయకి తర్వాతి ఇంటికి రెండే కావాలి, అదే ఎక్కువగా పడేది. కాని వెనక ఇంట్లో కాపలా కాయ ఉంటే దానికీ రెండే కావాలి. అందుకే బయలుదేరేముందు చూడాల్సింది ముందు గడిని కాదు, వెనక ఇంట్లో ఎవరున్నారో.

ఒక ఉదాహరణ చెబితే తేలిగ్గా ఉంటుంది. మీ ఇంటి నుంచి గళ్ళు లెక్కపెట్టండి. కుడివైపు ఆయన ఇల్లు 4, ఎదురావిడ ఇల్లు 8, ఎడమవైపు ఆయన ఇల్లు 12. మీ కాయలు రెండు బయట ఉన్నాయి, ఒకటి 6లో, ఒకటి 9లో. కుడివైపు ఆయన కాయ ఒకటి 4లో ఉంది, ఎదురావిడ కాయలు రెండు 8లో కాపలా ఉన్నాయి. ఎడమవైపు ఆయన కాయ 11లో ఉంది. మీకు రెండు పడింది.

6లో ఉన్నదాన్ని 8లోకి తెచ్చి ఇంట్లో పెట్టొచ్చు. లేదా 9లో ఉన్నదాన్ని 11లోకి తెచ్చి ఎడమాయన కాయని చంపొచ్చు. నేనైతే మరో ఆలోచన లేకుండా చంపుతాను. ఎందుకంటే ఆ కాయ 12 దగ్గర బయలుదేరి చుట్టూ తిరిగి 11కి వచ్చింది, అంటే 15 అడుగులు నడిచింది. దాన్ని చంపితే ఆయనకి సగటున ఆరు వేతల కష్టం పోతుంది. పైగా నాకు ఇంకో వేత వస్తుంది. ఒకటి పడితే 11లోది 12లోకి వెళ్ళి క్షేమం, రెండు పడితే 6లోది 8లోకి వెళ్ళి క్షేమం. ఈ రెంటిలో ఏదో ఒకటి పడే అవకాశం 60 శాతం పైనే.

అదే గడిలో, అదే 11లో, ఉన్నది కుడివైపు ఆయన కాయ అయితే? అది నడిచింది ఏడడుగులే. నేను అప్పటికే ఒకరిని చంపి ఉంటే, లోపలికి దారి దొరికి ఉంటే, అప్పుడు ఆ కాయ జోలికి పోను. 6లో ఉన్నదాన్ని 8లోకి తెచ్చుకుంటాను, ఎందుకంటే 4లో ఉన్న కాయకి అది సరిగ్గా రెండు గళ్ళ దూరంలో ఉంది. ఇంకా ఎవరినీ చంపకపోయి ఉంటే మాత్రం చంపుతాను. చూశారా, గడి అదే, గవ్వలు అవే, ఎత్తు మారిపోయింది. చంపేముందు అది ఎవరి కాయ, ఎంత దూరం నడిచింది అని చూడాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక బామ్మగారు ఈ లెక్కని వేళ్ళ మీద కూడా పెట్టరు, పటం వైపు ఒకసారి చూసి చెప్పేస్తారు. చిన్నప్పుడు మధ్యాహ్నాలన్నీ అరుగు మీద ఈ ఆటే ఆడారట. మీ అత్తగారు కూడా అలాంటివారైతే మీకు గట్టి పోటీ తప్పదు.

మూడోది లోపలి వరుస. అక్కడ ఒక్క ఇల్లు కూడా లేదు. మీ కాయకి చివరి ఆశ్రయం 12వ గడి, అంటే ఎడమాయన ఇల్లు. అక్కడి నుంచి మధ్య గడి దాకా 11 గళ్ళు ఏ రక్షణా లేకుండా దాటాలి. లోపల చచ్చిన కాయ 16 నుంచి 23 అడుగులు పోగొట్టుకుంటుంది. అందుకని తొందర పడకుండా 12లో కాయని ఆపి ఉంచండి. లోపల ఇంకెవరూ లేనప్పుడు గాని, ఉన్నా అందరూ మీ ముందు ఉన్నప్పుడు గాని బయలుదేరండి. 12లో ఉండగా అష్టా పడితే నేరుగా లోపలి వరుస సగానికి చేరతారు, పైగా ఇంకో వేత. అలాంటప్పుడు ఆ ఎనిమిదిని వేరే కాయకి ఖర్చు చేయకండి.

ఇక పండడానికి సరిగ్గా కావలసినంతే పడాలి. మధ్య గడికి ఒక్క అడుగు దూరంలో ఆగితే ఒకటి పడాల్సిందే, అది సగటున నాలుగు వేతల పని. ఈలోగా వెనక నుంచి ఎవరైనా వచ్చి చంపొచ్చు. రెండడుగుల దూరంలో ఆగితే రెండు పడితే పండుతుంది, ఒకటి పడితే ముందుకి జరుగుతుంది. కాబట్టి వీలున్నంతవరకు పండడానికి రెండడుగుల దూరంలో ఆగేలా చూసుకోండి. ఈ ఒక్క విషయం తెలియక గెలిచే ఆట పోగొట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను.

ముందే మాట్లాడుకోవలసినవి

ఈ ఆటకి అందరూ ఒప్పుకునే ఒకే నియమాల పుస్తకం లేదు. ఊరికో పద్ధతి, ఒక్కోసారి ఇంటికో పద్ధతి. కన్నడం వాళ్ళ చౌకాబారా, తమిళుల దాయం ఈ కుటుంబానివే, వాటిలో మళ్ళీ వేరే తేడాలు. మీది ఒక జిల్లా, మీ అత్తగారిది ఇంకో జిల్లా అయితే మొదటి పది నిమిషాల్లోనే వాదన వస్తుంది. గవ్వలు చేతిలోకి తీసుకోకముందే ఇవి తేల్చుకోండి.

కాయ బయలుదేరడానికి ఏం పడాలి? కొందరు అష్టా గాని చెమ్మా గాని పడాలంటారు. మీరు అలా పెట్టుకోవద్దు, లూడో ఇబ్బందే మళ్ళీ వస్తుంది, ఇంకా ఎక్కువగా వస్తుంది. ఎంత పడినా బయలుదేరొచ్చు అని పెట్టుకోండి.

వరసగా మూడుసార్లు అష్టా, చెమ్మా పడితే? చాలామంది ఆ మూడూ చెల్లవంటారు. నేను కూడా అలాగే ఆడిస్తాను. అరుదుగా జరుగుతుంది, జరిగినప్పుడు ఇల్లంతా గోలగోలగా ఉంటుంది, అది బాగుంటుంది.

మీ కాయలు రెండు ఒకే గడిలో చేరితే జంటా, కాదా? జంటని ఒంటి కాయ చంపలేదని కొందరి పద్ధతి. కొత్తవాళ్ళు ఉన్నప్పుడు ఇది వదిలేయండి. ఓ నెల ఆడాక చేర్చుకుంటే ఆటకి ఇంకో లోతు వస్తుంది.

చంపిన హక్కు కాయకా, ఆటగాడికా? ఒకసారి చంపితే మీ నాలుగు కాయలకీ లోపలికి దారి ఉంటుందని పెట్టుకోండి. కాయ కాయకీ చంపాలంటే ఆట తెమలదు.

ఆట ఎంతసేపు అంటారా? నాలుగు కాయలు పండడానికి ఎవరూ చంపకపోయినా ఒక్కొక్కరికి దాదాపు నలభై వేతలు కావాలి. చావులు కూడా కలిపితే నలుగురికి గంట పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బాబుకి నిద్రవేళ అవుతుంటే తలా రెండు కాయలతో ఆడండి. రుచి కొంచెం తగ్గుతుంది కాని అరగంటలో అయిపోతుంది.

బాబు ఏడిస్తే

ఏడుస్తాడు. లోపలి వరుసలో, పండడానికి రెండడుగుల దూరంలో కాయ చస్తే పెద్దవాళ్ళకే గొంతు పూడుకుపోతుంది. దీనికి నేను చూసిన మంచి మందు జట్లు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జట్టు. బాబు, నాయనమ్మ ఒక జట్టుగా, మీరిద్దరు ఒక జట్టుగా ఆడండి. జట్టులో వాళ్ళు ఒకరినొకరు చంపకూడదు, ఇద్దరి ఎనిమిది కాయలూ పండితేనే గెలుపు. ఒకరు చంపితే ఇద్దరికీ దారి.

జట్టుగా ఆడితే రెండు లాభాలు. కాయ చచ్చినప్పుడు పక్కన మనవాళ్ళు ఉంటారు. రెండోది, మాటలు మొదలవుతాయి. "నువ్వు నీ ఇంట్లోనే ఉండు నాన్నా, ఆయన నీ ముందుకి వస్తాడు, అప్పుడు కొట్టు" అని నాయనమ్మ చెబుతుంది. ఆలోచన అలా పైకి చెబితేనే పిల్లలకి అందుతుంది. నేను నియమాలు పది నిమిషాల్లో చెప్పగలను, కాని ఓపిక పట్టడం, కాపలా కాయడం పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఆడితేనే వస్తాయి.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. పిల్లవాడు కదా అని చచ్చిన కాయని తిరిగి పెట్టనివ్వకండి, కావాలని ఓడిపోకండి. ఎనిమిదేళ్ళవాళ్ళు ఇట్టే పసిగడతారు. ఆట మీద నమ్మకం పోతుంది. అంతగా కావాలంటే మొదట్లో వాడికి ఒక కాయని ముందే ఎదురింట్లో, అంటే 8లో పెట్టి మొదలుపెట్టండి. ఇది అందరికీ తెలిసేలా, ఆటకి ముందే చేసుకున్న ఒప్పందం. ఆ తర్వాత అందరికీ ఒకటే నియమం.

స్నేహితులు వచ్చినప్పుడు

అష్టా చెమ్మా వాళ్ళతోనూ బాగుంటుంది, కాని కింద కూర్చోలేనివాళ్ళు, టేబుల్ మీద ఏదైనా కొత్తది కావాలనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం కాంట్ స్టాప్ అనే ఆట చెబుతాను. అమెరికన్ ఆటల రూపకర్త సిడ్ సాక్సన్ చేసినది, 1980లో వచ్చింది. పెట్టె దొరక్కపోయినా పరవాలేదు, మామూలు లూడో పాచికలు నాలుగు, ఒక పెద్ద కాగితం, కొన్ని గింజలు ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

కాగితం మీద 2 నుంచి 12 దాకా పదకొండు నిచ్చెనలు గీయండి. 2కి, 12కి మూడేసి మెట్లు. 3కి, 11కి అయిదేసి. అలా రెండేసి పెంచుకుంటూ పోతే నడిమి 7కి పదమూడు మెట్లు వస్తాయి. మీ వంతు వచ్చినప్పుడు నాలుగు పాచికలు వేసి, వాటిని రెండు జంటలుగా విడదీయాలి. ఎలా విడదీయాలన్నది మీ ఇష్టం. జంట మొత్తం ఎంతైతే ఆ నిచ్చెన ఒక మెట్టు ఎక్కుతారు. వంతులో మూడు నిచ్చెనలకి మించి ఎక్కకూడదు. ప్రతి వేత తర్వాత ప్రశ్న ఒక్కటే: ఇంతటితో ఆపి ఎక్కినంతా ఖాయం చేసుకుంటారా, ఇంకోసారి వేస్తారా? వేశాక మీ మూడు నిచ్చెనల్లో ఒక్కటీ కుదరకపోతే ఆ వంతులో ఎక్కినవన్నీ పోతాయి. మూడు నిచ్చెనల చివరికి ముందుగా చేరినవాళ్ళు గెలుస్తారు.

ఇందులో ఎంపిక ప్రతి వేతకీ ఉంటుంది, ఎవరి కాయనీ చంపడం లేదు కాబట్టి అలకలు తక్కువ. మీ చేతిలో ఉన్నవి 6, 7, 8 నిచ్చెనలైతే ధైర్యంగా వేయొచ్చు, ఏదో ఒకటి కుదిరే అవకాశం 92 శాతం. 2, 3, 12 అయితే మాత్రం చేతికి వచ్చింది చాలనుకుని ఆపేయడం మంచిది. ఆపకుండా వేసేవాళ్ళని చుట్టూ ఉన్నవాళ్ళు ఎగదోస్తూ ఉంటారు, ఆ టెన్షన్ బాగుంటుంది. నలుగురి దాకా ఆడొచ్చు.

చాలామంది కటాన్ గురించి కూడా అడుగుతారు. 1995లో జర్మనీలో క్లాస్ టాయ్‌బర్ చేసిన ఆట అది, చాలా మంచి ఆట, నేనూ ఆడతాను. రెండు పాచికల మొత్తాన్ని బట్టి కలప, ఇటుక, గోధుమలు వస్తాయి, వాటిని ఇచ్చిపుచ్చుకుంటూ ఊళ్ళు కట్టాలి, పది పాయింట్లు ముందుగా చేరినవాళ్ళది గెలుపు. కాని కొత్తవాళ్ళకి నియమాలు చెప్పడానికే చాలాసేపు పడుతుంది, నలుగురు కొత్తవాళ్ళైతే గంటన్నర దాటుతుంది, బేరాలు ఆడకుండా మౌనంగా కూర్చునేవాళ్ళు ఉంటే చప్పబడుతుంది. మీ ఇంటికి ఇప్పుడే వద్దు. బాబుకి పదో ఏడు వచ్చాక, మీ స్నేహితుల్లో ఇద్దరికైనా ఆసక్తి ఉంటే అప్పుడు కొనండి.

ఈ ఆదివారానికి గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలతో మొదలుపెట్టేయండి. పటం నేల మీద సుద్దతో గీస్తే పనిమనిషి తుడిచినప్పుడల్లా మళ్ళీ గీయాలి, కాబట్టి పాత దుప్పటి ముక్క మీద రంగు దారంతో గళ్ళు కుట్టించుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. గడి ఒక్కోటి జానెడు వెడల్పు ఉండేలా చూడండి. చిన్నగా కుడితే ఒకే ఇంట్లో ఆరు కాయలు చేరినప్పుడు ఎవరిది ఏదో తెలియక గొడవ అవుతుంది. ఆడాక మీ ఇంటి పద్ధతిలో ఏదైనా తేడా కనిపిస్తే ఇక్కడే రాయండి, ఆ పద్ధతికి ఎత్తులు ఎలా మారతాయో చెబుతాను.